ఆటోనగరులో నేర్చిన పాఠము

విశాఖపట్టణమున గాజువాక చెంతనున్న ఆటోనగరునకు మొన్న మా అక్కతోఁ బోయితిని. ఆమె కుమారుఁ డచ్చట లారీల షెడ్డులో పనివాఁడు. త్వరలో పెరూ దేశపు రేవులకుఁ బోవు నోడలోఁ గొలువున కేఁగుచున్నాఁడు. అందుకై స్పానిషుభాష నేర్చుచున్నాఁడు.

సుత్తిమ్రోఁతల నడుమ మాకు వినవచ్చినవి మూఁడే మాటలు: "రా! తే! ఇయ్యి!"

"పిన్నీ, ఆ భాషలోను ఇంతే" అని అబ్బాయి నవ్వెను.

నిజమే. మనకు 'చేయు' అనునది 'చేయుము' అగును. 'వచ్చు' మాత్రము 'రమ్ము', 'తెచ్చు' 'తెమ్ము', 'ఇచ్చు' 'ఇమ్ము' అగును. స్పానిషులో మాటాడుట 'ఆబ్లార్', మాటాడు మనుట 'ఆబ్లా', ఇది క్రమము. వచ్చుట 'బెనీర్', రమ్మనుట 'బెన్'. పెట్టుట 'పోనేర్', పెట్టు మనుట 'పోన్'. చనువుగాఁ జెప్పునపు డిట్లు క్రమము తప్పు ముఖ్యక్రియ లెనిమిది. అన్నియు నిత్యము నోట నానునవే.

అక్క ముఖము చిన్నవోయెను. "పెద్దలనుఁ గూడ నట్లే పిలుతువా?"

"లేదమ్మా, వారిని 'బెంగా' అనవలెను, మన 'రండు' వంటిది."

ఆమె మనసు కుదుటఁబడెను. "మఱి పొమ్మనుటకో?"

"బే."

"ఆ మాట నాకు వలదు నాయనా. పోయి రమ్ము" అని అక్క కన్నులు తుడుచుకొనెను.