మంటకు ఎదురు పోయేవాళ్ళు

ఏప్రిల్ 14న మా ఆశ్రమ పాఠశాలలో అంబేడ్కర్ గారి పటానికి దండ వేస్తాం. తర్వాత పిల్లలతో కలిసి ఒక నిమిషం మౌనంగా నిలబడతాం. ఎందుకో కూడా చెప్తాం.

1944లో అదే రోజు బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడకు నిప్పంటుకుంది. ఓడలో పత్తి బేళ్ళు, పేలుడు పదార్థాలు ఉన్నాయి. అగ్నిమాపక సిబ్బంది నీళ్ళు కొడుతుండగానే ఓడ పేలింది. వాళ్ళలో 66 మంది చనిపోయారు. అందుకే ఆ రోజు నుంచి వారం పాటు దేశమంతా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు.

ఈ ఏడు అది చెప్పగానే ఐదో తరగతి పిల్ల లేచింది. "మా అయ్య కూడా మంట ఆర్పుతాడు సార్. ఆయనకు బండి లేదు, పచ్చి కొమ్మతో కొడతాడు" అన్నది. వాళ్ళ అయ్య ఎండాకాలం అడవిలో ఫైర్ వాచర్.

మాకు మాట రాలేదు. అడవిలో లేచే మంటల్లో కొన్ని మన చేతివే. ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద ఆకులు కాలుస్తాం. గాలి లేస్తే ఆ మంట కొండెక్కుతుంది. ఆర్పడానికి పోయేది మళ్ళీ మన ఇంటి మనిషే.

సాయంత్రం గూడేనికి పోయి, ఆకులు ఊడ్చి పాత చీర పరిస్తే పూలు దానిమీదే రాలతాయని చెప్పాం.

"మీ అమ్మ కాల్చలేదా?" అని ఒక అవ్వ అడిగింది.

"కాల్చింది అవ్వా. అగ్గిపుల్ల గీసింది మేమే" అన్నాం.

అవ్వ కాసేపు ఊరుకుని, "రేపు ఊడ్చి చూస్తా" అన్నది.

చనిపోయినవాళ్ళకు దండం పెడదాం. బతికున్నవాళ్ళను మన నిప్పులోకి పంపకుండా ఉందాం.