పూజించిన పిస్తోలు

మా యింటఁ దాతగారినాఁటి పిస్తోలొకటి కలదు. మందును గుండును గొట్టపు నోటినుండియే కూరి, వెనుకనున్న ములికిపై రాగిటోపీ నుంచి, సుత్తె దెబ్బచేఁ బ్రేల్చునట్టిది. 1807లో అలెగ్జాండర్ ఫోర్సైత్ అను స్కాట్లండు మతబోధకుఁడు దెబ్బకుఁ బ్రేలెడు మందును దుపాకులకు వాడు పద్ధతికిఁ బేటెంటు పొందిన పిమ్మటఁ బుట్టిన జాతి యిది. 1959 నాఁటి ఆయుధచట్టము ననుసరించి దీనికి మా పేర లైసెన్సున్నది.

ప్రతి మహానవమినాఁడును దీనికిఁ బసుపుకుంకుమలు పెట్టి, ఆ తడితోడనే తోలు సంచిలోఁ బెట్టి దాఁచుట మా యాచారము. రెండేండ్ల క్రిందటి నవమినాఁడు మా తొమ్మిదేండ్ల కూఁతురు గొట్టములోనికిఁ దొంగిచూచి, "నాన్నగారూ, దీనిలో నేమున్నది?" అని యడిగెను. "ఏమియు లేదమ్మా" యంటిమి. అన్న తరువాతఁ దోఁచినది, ఆ మాట మే మెట్లెఱుఁగుదుము?

ఆ రాత్రి ములికిపై టోపీ లేదని చూచి, ముఖము ప్రక్కకుంచి, సన్నని కఱ్ఱపుల్లను గొట్టములోనికి మెల్లఁగా జాఱవిడిచి, గొట్టపు నోటికడ గుఱుతు పెట్టితిమి. ఆ పుల్లనే గొట్టముపైఁ బెట్టి కొలువఁగా, ములికికి రెండంగుళముల యీవలనే యది యాఁగినట్లు తేలెను. లోపల గుండు, మందు నున్నవి! మా చేతులు వణఁకెను.

మఱునాఁడు లైసెన్సుగల తుపాకి పనివానిని రప్పించి దానిని దీయించితిమి. మందు పొడిగానే యుండెను. "పంతులుగారూ, తడి తగలకుంటే ఈ మందు నూఱేండ్లయినా చావదండీ" యని యాతఁ డనెను. ఆ మాట యతిశయోక్తి కాదు. 1861-65 నాఁటి అమెరికా యంతర్యుద్ధపు ఫిరంగిగుండును శుభ్రపఱచుచుండఁగా నది ప్రేలి, 2008లో వర్జీనియా రాష్ట్రమున నొకఁడు మరణించెను.

పిదప నాతఁడు శుద్ధి నేర్పెను. పనిముట్లు కొలఁదియే: ఇత్తడి కడ్డీ, ఇత్తడితీఁగల బ్రష్షు, పాత పంచె పేలికలు, మర గాడికి సరిగాఁ గుదురు స్క్రూడ్రైవరు, పలుచని మిషను నూనె. నల్లమందు మసిలో లవణము లుండును. అవి గాలిలోని తేమను బీల్చి యినుమును దినును. నూనెకుఁ గరఁగవు, నీటికిఁ గరఁగును. కావునఁ గఱ్ఱపిడి నూడఁదీసి, గొట్టమును వేఁడినీటఁ గడిగి, పూర్తిగా నారనిచ్చి, నూనె పూయవలెను. పైతుప్పును నూనెలో నాననిచ్చి, మిక్కిలి సన్నని యుక్కుపీఁచుతోఁ దేలికగాఁ దుడువవలెను. ఇటుకపొడి, చింతపండు కూడవు. యౌవనమున మెఱుపుకొఱకు వానితోఁ దోమి, చేసినవాని పేరునే యరగఁదీసిన పాపము మాది. పాతలోహపు గోధుమవన్నె మురికి కాదు. తోలుసంచి తేమను బట్టియుంచును గావున దానిలో దాఁపరాదు.

ఇన్నేండ్లు మేము పూజించితిమి; ఒక్కనాఁడును బరీక్షింపలేదు. భక్తి గలదుగదా యని పరీక్ష మానినందున, నిండిన గొట్టము మా బిడ్డ ముఖమునకు దగ్గఱయయ్యెను.

మొన్నటి నవమినాఁడు పసుపు లేకుండ నొక పువ్వు మాత్రముంచితిమి. అమ్మాయి మరల నదే ప్రశ్న వేసెను. ఈసారి మేము బదులు చెప్పలేదు. పుల్లను లోపలికి విడిచి, గుఱుతు పెట్టి, దాని కన్నులయెదుటనే కొలిచి చూపితిమి.