హ్యాండిల్‌లో కాస్త వదులు

టెక్సాస్‌లో మా బావమరిదికి కొంచెం పొలం ఉంది. మొన్న అక్కడ అతని ఏటీవీ, అంటే గతుకు నేల మీద నడిచే నాలుగు చక్రాల బండి, నడిపాను. హ్యాండిల్ తిప్పాక చక్రం ఓ క్షణం ఆగి కదులుతోంది. "గతుకుల దారి కదా బావా, అంతే" అన్నాడు. నాకు మనసొప్పలేదు.

ముందు భాగం జాకీ మీద లేపి, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపాను. టక్ టక్‌మంది. హ్యాండిల్ కదలికను చక్రానికి అందించే కడ్డీ చివరి జాయింటు, టై రాడ్ ఎండ్, అరిగిపోయింది; దాని రబ్బరు బూటు చిరిగి ఉంది. బూటు చిరిగితే లోపలి గ్రీజు పోయి మట్టీ నీళ్లూ చేరతాయి. ఇక ఉక్కు గుండూ, అది కూర్చునే గిన్నే రెండూ అరుగుతాయి.

మార్చడం పెద్ద పనేం కాదు. స్ప్లిట్ పిన్ లాగి నట్టు విప్పాం. బిగుసుకుపోయిన బోల్టు మొన మీద అతను సుత్తి ఎత్తాడు, ఆపాను. అక్కడ కొడితే మరలు పాడవుతాయి. అది దూరి ఉన్న, చక్రాన్ని మోసే నకిల్‌కు పక్కనుంచి రెండు దెబ్బలేస్తే ఊడొచ్చింది. పాతది విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టాం, 14. కొత్తదీ అన్నే తిప్పాం. అయినా టేపుతో రెండు ముందు చక్రాల మధ్య దూరం ముందువైపూ వెనకవైపూ కొలిచి సరిచేశాకే నట్టు బిగించాం. పిన్ మాత్రం కొత్తదే వేయాలి. ఒకసారి వంచి తీసినదాన్ని నమ్మకూడదు.

పరుగులో ఆ జాయింటు ఊడితే చక్రం మన చేతిలో ఉండదు. మీకూ ఇలాంటి బండి ఉంటే ఈ ఆదివారం ముందు చక్రాలు లేపి ఒక్కసారి ఊపి చూడండి.