అనకాపల్లిలో ఆగిన మా జిప్సీ

అనకాపల్లి అనగానే అందరికీ బెల్లం గుర్తుకు వస్తుంది. శారదా నది ఒడ్డునున్న ఈ ఊరి బెల్లం మార్కెట్టు దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. చెరకు పరిశోధన ఇక్కడ 1913లోనే మొదలైంది. 2022 ఏప్రిల్ 4 నుండి ఇది జిల్లా కేంద్రం కూడా. మన్యానికి వెళ్ళేవారికి మాత్రం ఈ ఊరితో మరొక పని ఉంది. చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాటీ ఎక్కేముందు బండిని చూపించుకోవడానికి ఇదే అనువైన చోటు.

మేము ఆరుగురం పాడేరు అవతలి పల్లెలకు మందులు తీసుకొని ఒక పాత మారుతి జిప్సీలో బయలుదేరాము. మన్యంలో కొన్ని పల్లెలకు నేటికీ సరైన దారి లేదు. నిండు గర్భిణులను సైతం డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొస్తారు. అటువంటి చోట నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే చిన్న బండి ఎంతో అక్కరకు వస్తుంది. 1985లో మన దేశంలో వచ్చిన జిప్సీని సాధారణ కొనుగోలుదారులకు అమ్మడం 2019 నాటికి ఆగిపోయినా, కొండదారుల్లో ఆ బండ్లు ఇంకా కనబడతాయి.

అనకాపల్లి దగ్గరపడుతుండగా స్టీరింగు గడగడ వణకసాగింది. ఊరిలో ఒక చిన్న షెడ్డుకు చేర్చాము. మేస్త్రీ ముందు చక్రాన్ని జాకీతో లేపి, పైనా క్రిందా పట్టుకొని ఊపాడు. చక్రం టకటకమని ఆడింది. దాని లోపలివైపు గ్రీజు కారి, మట్టి అట్టకట్టి ఉంది.

ఆయన విప్పి చూపిన సంగతి పాఠకులకు పనికివస్తుందని వ్రాస్తున్నాము. జిప్సీ ముందు యాక్సిల్ రెండు చివరలా ఇనుప గుండు వంటి భాగం ఉంటుంది. దానిమీద నకిల్ అనే తొడుగు, పైనొకటి క్రిందొకటి కింగ్ పిన్నుల ఆధారంతో అటూ ఇటూ తిరుగుతుంది. ఆ పిన్నులకు బేరింగులుంటాయి. తొడుగు చుట్టూ ఉండే సీలు లోపలి గ్రీజును కాపాడుతుంది. సీలు చిరిగితే గ్రీజు బయటకూ, బురదనీరు లోపలికీ పోతాయి. బేరింగులు తుప్పుపట్టి అరిగిపోతాయి. వణుకు పుట్టింది అక్కడే.

కుడివైపు బాగా పాడైంది, ఎడమవైపు కొంత. సామాను విశాఖపట్నం నుండి రావాలి. కుడివైపుకు సరిపడా బేరింగులు మాత్రం షెడ్డులోనే ఉన్నాయి. అక్కడ రోగులు ఎదురు చూస్తున్నారు గనుక, కుడివైపే మార్చి పంపమని మాలో ఒకరు అడిగారు.

"ఓ పక్కే మార్చీసి పంపీమంటారేటి బాబూ? ఘాటీలో ఏటైనా అయితే నాకు నిద్దర పడతాదా?" అన్నాడు మేస్త్రీ.

కూలి రెట్టింపు కోసం అన్న మాట కాదని మరునాడు తెలిసింది. రెండువైపులా పాత బేరింగులు తీసి, లోపలంతా కిరసనాయిలుతో కడిగి, కొత్తవి వేసి గ్రీజు కూరాడు. సీలు బిగించకముందే నకిల్ చివర స్ప్రింగు కాటా తగిలించి లాగి చూశాడు. మరీ తేలికగా తిరిగితే వణుకు పోదు. మరీ బిగుసుకుంటే మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను సర్దుకోదు. అందుకని పలుచని రేకులు తీస్తూ, పెడుతూ నాలుగుసార్లు తూచాడు. బెల్లం తూచే ఊరిలో కాటాకు ఇదీ ఒక పనే! ఎడమకు పని మాత్రం కుడికి పట్టినంతసేపే పట్టింది. ఎడమవైపుకు ఆయన కూలి తీసుకోలేదు.

ఒక రోజు ఆలస్యంగా ఘాటీ ఎక్కాము. చక్రాలు ఎక్కడా తొణకలేదు. మూడవనాడు డోలీలో రోడ్డు చేరిన ఒక నిండు చూలాలిని పాడేరు ఆసుపత్రికి చేర్చింది కూడా ఆ బండే.

ఇటువంటి బండి ఉన్నవారు వానాకాలం ముందూ తరువాతా ముందు చక్రాల లోపలివైపు ఒకసారి వంగి చూడండి. గ్రీజు చెమ్మ కనబడితే సీలు వెంటనే మార్పించండి. సీలు ఖరీదు స్వల్పమే. అది కాపాడేది మాత్రం బండిలో కూర్చున్నవారి ప్రాణాలను.