చేతికి అందే గేరు మీట

నలుబది దాటినవారికి సైకిలు యాత్ర ఎందుకని మా ఆఫీసులో కొందరు నవ్వుతారు. నవ్వనిండు. బెంగుళూరు నుండి లేపాక్షి సుమారు 120 కిలోమీటర్లు. బస్సులో వెళ్ళినా బసవన్న దర్శనమిస్తాడు. త్రొక్కుతూ వెళితే దారిలోని చెరువులూ చింతతోపులూ కూడ మనవవుతవి.

అయితే గుమాస్తాకు వేళ్ళే జీవనాధారము. గంటలకొద్దీ అరచేయి హేండిలుపై ఆనితే, చిటికెనవేలివైపు పోయే నరము నొక్కుకొని, ఆ వేలూ ఉంగరపువేలూ తిమ్మిరెక్కుతవి. సోమవారమునాడు టైపు కొట్టవలసిన వేళ్ళవి! అందుచేత యాత్రా సైకిళ్ళు కొన్నప్పుడు రంగుకన్న, పేరుకన్న ముందు గేరు మీటలనే చూచినాము.

మీటలు పలు రకాలు. పూర్వము చట్రము కడ్డీకే ఉండేవి. చెడిపోవడం అరుదు. కాని వంగి, ఒక చేయి హేండిలు నుండి తీయవలెను; వెనుక సంచులు బరువుగా ఉంటే సైకిలు తూలుతుంది. మనవంటివారికి అవి అందని పూలు దేవునికన్నట్లే. 1990లో షిమానో కంపెనీ బ్రేకు మీటలోనే గేరు మీటను కూడ అమర్చింది. చేయి కదలనక్కరలేదు, సుఖమే. కాని లోపలి పనితనము సున్నితము, ధర ఎక్కువ, పల్లెటూరి సైకిలు షాపులో బాగుకాదు.

మేము వంపు హేండిలు కొనలకు బిగించే మీటలు ఎంచుకొన్నాము. వంపు హేండిలులో చేతిని నాలుగు చోట్ల మార్చి పెట్టుకోవచ్చును గనుక నరముపై ఒత్తిడి ఒక్కచోటనే ఉండదు. మేము తీసుకొన్న రకములో ఇంకొక సదుపాయమున్నది. దారిలో తీగ సాగి గేరు సరిగా పడకపోతే, మెట్లు లేకుండ త్రిప్పే పద్ధతికి మార్చుకొని ఇల్లు చేరవచ్చును.

మా ఇంటావిడకు అవి నచ్చలేదు. ఆమెకు తిన్నని హేండిలే ఇష్టము. దానికి సాధారణముగా వచ్చేవి బొటనవేలితో నొక్కే మీటలు. ఇరువది ఏండ్ల వంటయింటి చాకిరితో ఆమె బొటనవేలి మొదట నొప్పి ఉన్నది. అంగడివాడు, “అందరూ ఇవే కొంటారమ్మా” అన్నాడు. “అందరి వేళ్ళూ నావి కావుగా నాయనా” అన్నదామె. పిడిని మణికట్టుతో త్రిప్పే రకము తెప్పించినాము. చెమట చేతికి అది జారుతుంది. చేతి తొడుగు వేసుకొంటే సరి. ఇప్పుడు ఒకే ఇంట రెండు సైకిళ్ళకు రెండు రకాల మీటలు.

కొనదలచినవారు అంగడిలో నిలిచి చూచి తృప్తిపడవద్దు. ఎత్తు ఎక్కుతూ, చూపు రోడ్డుపై ఉంచి, పది పర్యాయములు గేరు మార్చండి. మణికట్టు వంగినట్లు తోస్తే మర వదులుచేసి మీటను కొంచెము త్రిప్పించండి; దానికి కాసు ఖర్చులేదు. ఇంట్లో ఇద్దరు త్రొక్కేవారుంటే ఇద్దరినీ తీసుకొని వెళ్ళండి. ఒకరి చేతితో మరొకరికి కొలత తీయరాదు.