బొంతకు పాత చీరే కావాలి

బొంత కుట్టడానికి కొత్త గుడ్డ పనికిరాదు. ఈ మాట వినగానే పొదుపు గురించి చెబుతున్నారని చాలామంది అనుకుంటారు. పొదుపు సంగతి తర్వాత. చేతిలో డబ్బుండి, బజారులో తానులకు తానులు దొరుకుతున్నా సరే, బొంత కావాలంటే పాత చీర కోసమే పెట్టె తెరవాలి. కొత్త నూలుగుడ్డలో గంజి ఉంటుంది, బిరుసు ఉంటుంది. మొదటి నాలుగైదు ఉతుకుల్లో అది కుంచించుకుపోతుంది, రంగు వదులుతుంది. అలాంటి గుడ్డలు నాలుగు పొరలు పేర్చి కుడితే, నీళ్లు తగిలిన రోజే ఒక్కో పొర ఒక్కో తీరున లాక్కుని బొంత మెలికలు తిరుగుతుంది. ఏళ్ల తరబడి కట్టి, ఉతికి, దండెం మీద ఆరేసిన చీర అలా చెయ్యదు. కుంచించుకోవలసినంతా ఎప్పుడో కుంచించుకుంది. పోవలసిన రంగు పోయింది, మిగిలిన రంగు ఇక ఎక్కడికీ పోదు. ఏ గుడ్డ పక్కన పరిచినా సర్దుకుంటుంది. అందులోకి సూది దిగే తీరే వేరు.

పుట్టిన బిడ్డను కొత్త బట్టలో కాకుండా ఇంటి పెద్దల పాత నూలుగుడ్డలో చుట్టే ఆచారం మనకుంది కదా. పొత్తిగుడ్డలకు పనికొచ్చే లెక్కే బొంతకూ పనికొస్తుంది. ఒంటికి ఏది సుఖమో పాత గుడ్డకు తెలిసినంతగా కొత్త గుడ్డకు తెలియదు.

చీరల్లోనూ ఒక్కో ఊరి నేతకు బొంతలో ఒక్కో చోటు ఉందని నా అభిప్రాయం. నారాయణపేట నూలు చీర గట్టిది. మంచానికో నేలకో ఒరుసుకునే అడుగు పొరకు అంతకన్నా మంచిది నాకు కనిపించలేదు. మంగళగిరి చీరకు ఒళ్లంతా సాదా కాబట్టి పట్టీలుగా చించుకోవడానికి హాయి. వెంకటగిరి చీర పలచన, పెద్దవాళ్ల పక్కకు ఆగదు గానీ చంటిపిల్ల బొంతకు పై పొరగా వేస్తే ఎంత బాగుంటుందో. గద్వాల చీర దగ్గర మాత్రం జాగ్రత్త. దాని ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ ఒకే రకం ఉతుకును తట్టుకోలేవు. అంచు విడదీసి దాచుకుని, ఒంటిని బొంతకు వాడుకోవాలి. జరీ ఏ చీరదైనా తీసెయ్యాల్సిందే, పిల్లల బుగ్గలు గీరుకుపోతాయి. ఇంట్లో పొందూరు ఖద్దరు పంచె ఉంటే దాన్ని ఇంకే పనికీ చించకండి. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊళ్లో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, శుభ్రం చేసి, చేత్తో వడుకుతారు. ఆ నూలు పాతబడ్డాక వచ్చే మెత్తదనం మిల్లు గుడ్డకు రావడం నేనెక్కడా చూడలేదు.

పాలియెస్టర్ చీరలు వద్దనేది మొండిపట్టు కాదు. అవి చెమట పీల్చవు. ఒకదాని మీద ఒకటి జారిపోయి కుట్టును నిలవనివ్వవు. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. నూలుకు ఇంకో గుణం కూడా ఉంది. తడిస్తే నూలు పోగు బలం తగ్గదు, పెరుగుతుంది. నానబెట్టి బండకేసి బాదినా బొంత ఏళ్లకేళ్లు నిలబడిందంటే కారణం అదే.

ఇక నమూనా. బొంతకు ముగ్గులూ పువ్వులూ కుట్టేవాళ్లున్నారు, త్రికోణాలు అతికేవాళ్లున్నారు. మొదటిసారి కుట్టేవాళ్లకు నేను చెప్పేది అన్నిటిలోకీ తేలికైనది. మధ్యలో జానెడు చదరం ఒకటి, దాని చుట్టూ బెత్తెడు వెడల్పు పట్టీలు, ఒక చుట్టు లేత రంగు, ఒక చుట్టు ముదురు రంగు. పూర్తయ్యాక చూస్తే గట్టు మీద నిలబడి కోనేటి మెట్లను చూసినట్టుంటుంది. ముందు చదరానికి ఒక పక్క పట్టీ కుట్టి, మిగిలింది కత్తిరించి, రెండో పక్కకు తిరగాలి. అలా నాలుగు పక్కలూ అయితే ఒక చుట్టు. కుట్టులోకి పోయే గుడ్డ పోగా అయిదు చుట్లు తిరిగేసరికి రెండు మూరలకు కాస్త తక్కువ చదరం వస్తుంది. చంటిపిల్లకు అది చాలు. పెద్దవాళ్లకు కావాలంటే ఇంకా తిరుగుతూ పోవడమే, చివర్లో తలవైపూ కాళ్లవైపూ రెండేసి పట్టీలు ఎక్కువ వేసుకోవచ్చు. ఈ నమూనాకు కొలబద్ద అక్కర్లేదు. జానా, బెత్తా తెలిస్తే సరిపోతుంది. ముఖ్యంగా, ఏ ముక్కా చిన్నదని పక్కన పెట్టే పని లేదు. లంగా కుట్టగా మిగిలిన పేలిక, దర్జీ దగ్గర తెచ్చుకున్న జాకెట్టు ముక్క, మోకాలి దగ్గర చిరిగిన లాగూ, అన్నీ ఏదో ఒక చుట్టులో ఇముడుతాయి.

ఈ చదరం చుట్టూ చదరం మనకొక్కరికే పరిమితం కాదు. అమెరికాలో అలబామా నది మెలిక తిరిగే చోట జీస్ బెండ్ అనే పల్లె ఉంది. పత్తి చేలల్లో బానిసలుగా బతికిన నల్లజాతి వాళ్ల సంతతి అక్కడ ఉంటుంది. ఆ ఆడవాళ్లు ఇదే నమూనాను ‘హౌస్‌టాప్’ అని తరతరాలుగా కుడుతున్నారు. వాళ్లకు దొరికిన గుడ్డ పొలం పనుల్లో అరిగిన బట్ట. ప్యాంటు జేబు విప్పితే దాని కింద గుడ్డ ఎండ సోకక ముదురు నీలంగా మిగిలి ఉంటుంది, చుట్టుపక్కలంతా వెలిసిపోయి ఉంటుంది. ఆ జేబు గుర్తును దాచకుండా బొంత నడిమధ్య పెట్టారు. 2002లో హ్యూస్టన్‌లోని లలితకళల మ్యూజియంలోను, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలోను వాటిని గోడలకు వేలాడదీస్తే జనం ముక్కున వేలేసుకున్నారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి మీద పది స్టాంపులు వేసింది. నాకు ఆ గౌరవం కన్నా ఆ జేబు గుర్తే గొప్పగా తోస్తుంది. ఏ అద్దకపు పనివాడూ అంత సరిగ్గా రెండు నీలాల్ని పక్కపక్కన తేలేడు. దానికి ఏళ్ల తరబడి ఒక మనిషి ఎండలో వంగి పనిచేసి ఉండాలి.

మనకు దగ్గరలో, ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో ఉండే సిద్దీలదీ ఇదే దారి. వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు బొంతను ‘కవంది’ అంటారు. ముక్కలన్నీ ముందు అతికి పెట్టుకోరు. అడుగు చీర పరుచుకుని, ఒక మూల మొదలుపెట్టి, అంచు వెంట ముక్క మీద ముక్క కుట్టుకుంటూ నాలుగు వైపులా తిరుగుతూ నడుమకు చేరతారు. చివర్లో నాలుగు మూలలకూ మడిచిన త్రికోణపు గుడ్డలు కుడతారు. వాటిని ‘ఫూల’ అంటారు, అంటే పూలు. అవి లేని కవంది వాళ్ల దృష్టిలో బట్టలేని ఒళ్లే. నేను కుట్టే బొంతలకూ మూలల్లో పూలు పెట్టడం మొదలుపెట్టాను. మూలలే ముందు అరుగుతాయి కాబట్టి అక్కడ ఇంకో రెండు పొరలు పడటం బొంతకూ మంచిదే.

అతుకుల నమూనాల్లో నాకు తెలిసినంతలో అన్నిటికన్నా పాత కథ బౌద్ధులది. వినయ పిటకంలోని మహావగ్గలో ఉంది. బుద్ధుడు మగధలో నడిచిపోతూ గట్లతో మళ్లుమళ్లుగా పరుచుకున్న పొలాల్ని చూసి, భిక్షువుల చీవరాన్ని ఆ తీరుగా కుట్టగలవా అని ఆనందుణ్ణి అడుగుతాడు. ఆనందుడు కుట్టి చూపిస్తాడు. ముక్కలే మళ్లు, అతుకులే గట్లు. నాగార్జునకొండలో, అమరావతిలో తిరిగిన భిక్షువులు కృష్ణ ఒడ్డు పొలాల మధ్య కట్టుకున్నదీ అలా ముక్కలు అతికిన చీవరమే. ముక్కలుగా కోసిన గుడ్డను ఎవరూ దొంగిలించరన్నది ఒక కారణం, సన్యాసికి అదే తగినదన్నది ఇంకో కారణం.

పనిలోకి వస్తే, చీరను కత్తెరతో కొయ్యకండి. అంచు దగ్గర ఒక్క గాటు పెట్టి రెండు చేతులా చించండి. నూలుగుడ్డ పోగు వెంటే చిరుగుతుంది, గీత గీసినంత నేరుగా వస్తుంది. చించేటప్పుడు చర్రుమని గట్టిగా మోగితే గుడ్డలో ఇంకా సత్తువ ఉన్నట్టు, పై పొరకు తీసుకోవచ్చు. చప్పుడు లేకుండా విడిపోతే అది లోపలి పొరకు. అంచులు వేరుగా దాచుకోవాలి, బొంత చుట్టూ కట్టడానికి అవే కావాలి. బెంగాలు ఆడవాళ్లు కాంతా అనే తమ బొంత కుట్టడానికి దారం కూడా చీర అంచుల్లోంచే లాగేవాళ్లు.

ఆరుగజాల చీర మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు లోపు వెడల్పు, మూడు పొరలు. పైన అతికిన ముక్కల పొరతో కలిపి నాలుగు. ఇంటి నేల శుభ్రంగా తుడిచి, చాప వేసి, పొర మీద పొర పరిచి, నడుమ నుంచి అంచులకు అరచేత్తో నిమరాలి. మూలల మీద పీటలో రోకలో ఏదో ఒక బరువు పెట్టుకోవాలి. జానెడుకో వరస చొప్పున పొడుగు టాకాలు వేసెయ్యాలి. ఇక్కడ తొందర పనికిరాదు. టాకాలు బాగా పడితే సగం బొంత అయిపోయినట్టే.

దబ్బనం గోనెసంచులకు. బొంతకు దానికన్నా సన్నగా, మామూలు సూదికన్నా పొడుగ్గా ఉండేది కావాలి. నడిమివేలికి దర్జీలు పెట్టుకునే తొడుగు ఉండాలి. కుట్టు ఒక్కటే రకం, పైకీ కిందికీ నడిచే సాదా కుట్టు. అంచు లోపలికి మడిచి, అంచు వెంట తిరుగుతూ, ఒక్కో వరసకు అంగుళం లోపలికి జరుగుతూ నడుమకు రావాలి. మా అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని చెప్పింది ఒక్కటే. “సూదిని నువ్వు తొయ్యకే పిల్లా, గుడ్డనే సూది మీదికి తెచ్చుకో.” ఎడమ చేత్తో గుడ్డను పైకీ కిందికీ ఆడిస్తూ నాలుగైదు కుట్లు ఒకేసారి సూది మీదికి ఎక్కించి అప్పుడు లాగాలి. అలా చేస్తే వేళ్లు నొప్పి పుట్టవు, వరస వంకర పోదు. అంచు ముందే బిగిసింది కాబట్టి లోపలికి వస్తున్నకొద్దీ కాస్త గుడ్డ మిగులుతుంటుంది. దాన్ని ప్రతి చుట్టులో కొంచెం కొంచెంగా సర్దుకుంటూ పోవాలి. ఆ సర్దుబాటు వల్లే బొంత మీద చిన్న చిన్న ముడుతలు లేస్తాయి. అవి లోపం కాదు. వాటిలోనూ పొరల మధ్యా గాలి నిలుస్తుంది, ఆదిలాబాద్ చలికైనా లంబసింగి మంచుకైనా ఒంటిని కాచేది ఆ గాలే.

ఒక లెక్క చెబుతాను. ఆరడుగులకు నాలుగడుగుల బొంతలో అంగుళానికో వరస వేస్తే మొత్తం కుట్టు పొడవు 288 అడుగులు. అంగుళానికి మూడు కుట్లనుకున్నా పది వేలకు పైబడి కుట్లు. హైదరాబాద్‌లో రోడ్డు వారన టార్పాలిన్ పరిచి బొంతలు కుట్టే ఆడవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. మన చీరలు మనం ఇస్తే కూలికి కుట్టిస్తారు. వాళ్ల దగ్గర ఆగి, కార్ల వరస వెనక పెట్టుకుని, యాభై రూపాయల కోసం గీచిగీచి బేరమాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పది వేల కుట్లు ఒక నడుమూ రెండు కళ్లూ కలిసి వేసినవి. దూది స్థానంలో పాలియెస్టర్ పీచు కూరిన మిషను రజాయికి అంతకు ఎన్నో రెట్లు ఇచ్చి, మాట్లాడకుండా బిల్లు తీసుకుంటున్నాం.

బొంతను మెషీన్లో వెయ్యకండి, తడిసిన బరువుకు కుట్లు తెగుతాయి. ఎండాకాలం గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, కాళ్లతో తొక్కి, పిండకుండా నులక మంచం మీద వాలేసి నీళ్లు కారనివ్వాలి. ఆరడానికి రెండు మంచి ఎండలు పడుతుంది. కుట్టడానికీ ఎండాకాలమే అదను, వానల నాటికి చేతికొస్తుంది. చిరిగిన చోట అతుకు వెయ్యండి. అతుకుకు చోటు లేనంతగా చిరిగితే దాని మీదే ఇంకో చీర పరిచి మళ్లీ కుట్టండి. పాత ఇళ్లలో బొంత విప్పితే లోపల ఇంకో బొంత, దాని లోపల అమ్మమ్మగారి అమ్మ కట్టిన చీర కనిపించడం నేను చూశాను. మధ్యలో ఉన్నది వెలుతురు తగలక పైదాని కన్నా రంగు నిలుపుకుని ఉంటుంది.

పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే మనిషి వీధిలో కేకేసేలోగా పెట్టెలో ఉన్నవాటిని వేరు చేసుకోండి. ఆయన నూలు చీరకూ సిల్కు చీరకూ ఇచ్చేది అదే గిన్నె, బొంతకు పనికొచ్చేది మాత్రం ఒక్క నూలు చీరే. అంచు మీది అచ్చు చూసి మోసపోవద్దు, మంగళగిరి పోలికతో పాలియెస్టర్ చీరలు ఎన్నో వచ్చాయి. అనుమానం ఉంటే ఒక మూల నాలుగు పోగులు లాగి అగ్గిపుల్ల వెలిగించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వేసి, వేళ్ల మధ్య నలిగిపోయే బూడిద మిగులుతుంది. పాలియెస్టరైతే కరిగి, ముడుచుకుని, గట్టి నల్లపూస అవుతుంది.