మర్దన చేసే చేతికీ నొప్పి ఉంటుంది

కొన్నేళ్ళ క్రితం ఒక మహిళ కుడిచేతి బొటనవేలి మొదట్లో వాపుతో నా వద్దకు వచ్చింది. ఆమె వృత్తి మర్దన. నూనె రాసి కండరాలను పిసికే స్వీడిష్ పద్ధతిలో రోజుకు ఆరేడుగురికి చేసేదట. ‘కొన్నాళ్ళు చేతికి విశ్రాంతి ఇవ్వమ్మా’ అన్నాను. ‘ఇస్తే ఇల్లెలా గడుస్తుంది డాక్టరుగారూ?’ అన్నది. మాత్రలు రాసిచ్చానే గాని, ఆ ప్రశ్నకు నా వద్ద సమాధానం లేదు.

ప్రభుత్వోద్యోగంలో ఉన్నంతకాలం మర్దనను నేను చిన్నచూపు చూశానని ఒప్పుకోవాలి. ఆమె పుణ్యమా అని ఆ విషయం చదవసాగాను.

స్వీడిష్ మర్దన అనగానే 1813లో స్టాక్‌హోంలో వ్యాయామ విద్యాలయం నెలకొల్పిన పెర్ హెన్రిక్ లింగ్ పేరు చెబుతారు. నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం ఇందులో ప్రధానం. భారం ఎక్కువగా చేతులదే. థాయ్ పద్ధతి వేరు. నేలపై పరుపు; ఒంటిమీద వదులైన బట్టలు; నూనె ఉండదు. అరచేయి, మోచేయి, మోకాలు, పాదం అన్నీ పనిచేస్తాయి. 2019లో యునెస్కో దీనిని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. థాయ్ వైద్యులు మూలపురుషుడిగా కొలిచేది మన మగధకు చెందిన జీవకుణ్ణి, బుద్ధునికి వైద్యం చేసినవాణ్ణి. మనం మరచినా వారు మరువలేదు!

ఆమె కొన్ని నెలలు శ్రమించి థాయ్ పద్ధతి నేర్చుకుని, రెండింటినీ కలిపింది. తొలి ప్రయోగం నా నడుముపైనే. ముందు పరుపుపై పడుకోబెట్టి, చేతులు చాచి, తన ఒంటి బరువును అరచేతుల మీదుగా వాల్చి పాదాల నుంచి తొడల దాకా నొక్కింది. మోకాలిని మెల్లగా ఛాతీ వైపు వంచింది. ఆ తరువాతే బల్లపైన నూనె. క్రమం మారితే చేతులు జారి, పట్టు చిక్కదట. బిగువు ముందే సడలడం వల్ల పిసికే పని తగ్గింది. వీపుపై వేళ్ళకు బదులు ముంజేయి వాడింది. నాకు ఆ రాత్రి సుఖనిద్ర పట్టింది. నడుమునొప్పి నాలుగు రోజులు తగ్గి, మళ్ళీ వచ్చింది. అంతకు మించి చెబితే అబద్ధమవుతుంది.

మీలో ఎముకలు గుల్లబారినవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ముందే ఆ మాట చెప్పండి. మెడను విరిచి శబ్దం చేయించుకోవద్దు. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే అసలు తాకనివ్వకండి. మా పొరుగాయన సుదీర్ఘ రైలు ప్రయాణం చేసి వచ్చి అటువంటి పిక్కకే నూనె రాయించుకోబోయాడు. ఆపి స్కానింగుకు పంపితే సిరలో రక్తపు గడ్డ కనిపించింది. రుద్దితే అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు.

ఈ సంగతి ఆమెకు చెప్పాను. ఇప్పుడు పరుపు పరిచే ముందు ఆమె ప్రతివారి కాళ్ళూ పక్కపక్కన పెట్టించి చూస్తుంది. బొటనవేలి వాపు పూర్తిగా పోలేదు గాని, పని మానలేదు.